నీలం ఎక్కువైన కొండలు

నేను రంగులు కలిపేవాణ్ని. ముప్పై నాలుగేళ్లు పెయింట్ల షాపులో అదే పని. గోడ పెచ్చు ఒకటి తెచ్చి కౌంటర్ మీద పెడితే చాలు, దానికి అచ్చంగా సరిపోయే రంగు కలిపి డబ్బా చేతికిచ్చేవాణ్ని. తర్వాత మిషన్ వచ్చింది. మిషన్ కలిపిన దాంట్లో కూడా చివరి చుక్క నేను వేస్తేగానీ మా యజమాని మూత పెట్టనిచ్చేవాడు కాదు. ఇదంతా గొప్పలు పోవడమని మా ఆవిడ అంటుంది. గొప్పే మరి, ఎందుకు చెప్పుకోకూడదు?

రిటైరయ్యాక ఆరు నెలలపాటు ఇంట్లో అందరి ప్రాణాలూ తోడేశాను. కర్టెన్లు గోడకు నప్పలేదని, మావాడి చొక్కా ప్యాంటుకు నప్పలేదని ఒకటే సణుగుడు. అది భరించలేకో ఏమో, ఒకరోజు మా కోడలు నన్ను తన బల్ల దగ్గరికి పిలిచింది. ఆ అమ్మాయి ఫోన్ ఆటలకు బొమ్మలు వేస్తుంది. ఆటలో వెనకాల కనిపించే కొండలు, చెట్లు, ఆకాశం ఆమె వంతు. కంప్యూటర్ తెర మీద ఒక్కో చిన్న గడిలో ఒక్కో రంగు నింపుకుంటూ పోవాలి. ఆ గళ్లను పిక్సెల్స్ అంటారట.

"మామయ్యా, ఈ కొండలో ఏదో లోటుంది. ఏంటో తెలియట్లేదు. కాస్త చూసి చెప్పండి," అంది.

చూశాను. చుట్టూ ముదురు, మధ్యలో లేత. కొండ కాస్తా తలగడలా ఉంది.

"ఎండ ఎటునుంచి వస్తోంది తల్లీ?"

"అది ఆలోచించలేదు," అంది.

"మరి నీడ ఎటు పడాలో ఆ కొండకెలా తెలుస్తుంది?"

గోడకు రంగు కావాలని వచ్చినవాళ్లను నేను ముందుగా అడిగే ప్రశ్న అదే. పొద్దుటి ఎండ పడే గోడా, సాయంత్రం ఎండ పడే గోడా అని. ఎండను ఎడమపక్క పెట్టించాను. కుడిపక్కంతా నీడ. నీడంటే నలుపు కాదు, అందులో కాస్త నీలం కలవాలన్నాను. కొండ చుట్టూ ఉన్న నల్లగీత చెరిపించాను. ఎండ వైపు గీతే వద్దన్నాను, నీడ వైపు మాత్రం కొండ రంగులోనే కాస్త ముదురు గీత. అంతే, కొండ లేచి నిలబడింది. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది.

అప్పటినుంచి నెలకొక బొమ్మ. ఆ బల్ల పక్కన నాకొక కుర్చీ. నిజం చెప్పాలంటే, ఆ కుర్చీ కోసమే పొద్దున్నే లేచేవాణ్ని.

రెండేళ్లు అలా గడిచాయి. ఇంకాస్త నీలం పడాలనేవాణ్ని. అంచు గీత కంటికి ఆనడం లేదు, ముదురు చెయ్యమనేవాణ్ని. ఈ రెండు పచ్చలూ కలిసిపోయాయి, వేరు చెయ్యమనేవాణ్ని. కోడలు ఎదురు చెప్పకుండా చేసేది.

ఈలోగా కంటి డాక్టరు దగ్గరికి రమ్మని నా వెంట పడింది. "నాది గద్ద కన్ను, నాకెందుకు డాక్టరు?" అన్నాను. చివరికి తనకు కళ్లద్దాలు కావాలి, తోడు రమ్మని బయల్దేరదీసింది. తీరా వెళ్తే డాక్టరమ్మ కూర్చోబెట్టింది నన్ను! రెండు కళ్లలోనూ శుక్లాలు. ముందు కుడికన్నుకు ఆపరేషన్ చేశారు, ఎడమది నెల తర్వాత అన్నారు.

మర్నాడు కట్టు విప్పారు. ఇంటికొచ్చి గోడ చూస్తే కుడికంటికి తెల్లగా మెరిసిపోతోంది. అదే గోడ ఎడమకంటికి పాత కాగితంలా పసుపు. ఒక కన్ను మూసి, ఇంకోటి తెరిచి, మార్చి మార్చి చూశాను.

"ఈ వయసులో ఎవరికండీ కన్ను కొడుతున్నారు?" అంది మా ఆవిడ.

నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్లూ ఈ పసుపుకంటితోనే కదా రంగులు చెప్పాను! ఫోన్లో కోడలి బొమ్మలున్న ఆట తెరిచి, కొత్తకంటితో కొండలు చూశాను. రంగులు చక్కగా ఉన్నాయి. ఎలా ఉంటాయి? పసుపుకంటితో చూసి నేను పోయించిన నీలమంతా ఏమైంది? ఆ ముదురు గీతలేమయ్యాయి? అంటే, నేను లేచి వెళ్లగానే అన్నీ మార్చేస్తోందన్నమాట. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు బయటపడింది.

"నా రంగులు మార్చేస్తున్నావా?" అన్నాను బల్ల దగ్గరికి వెళ్లి.

"అవును మామయ్యా. పదకొండో బొమ్మ నుంచి."

"మరి నన్నెందుకు కూర్చోబెట్టుకున్నావు? ముసలాడు గొడవ చెయ్యకుండా పడి ఉంటాడనా?"

ఆమె తెర మీద ఇరవై నాలుగు బొమ్మలు వరసగా పరిచింది. నేను చెప్పింది చెప్పినట్టు వేసి, ఒక్క గడి మార్చకుండా దాచినవి. మొదటి పదీ ముచ్చటగా ఉన్నాయి. తర్వాత నీలం పెరుగుతూ వచ్చింది. గీతలు లావెక్కాయి. పక్కపక్క రంగులు ఒకదానికొకటి పొసగకుండా విడిపోయాయి. చివరి బొమ్మలో కొండలన్నీ సిరాలో ముంచి తీసినట్టున్నాయి.

"మొదట మీకు నీలం ఇష్టమేమో అనుకున్నాను," అంది. "ఇందులో ప్రతి రంగుకీ ఒక అంకె ఉంటుంది. చూస్తే అది నెలనెలా ఒకేవైపు జరుగుతోంది. మీ లెక్క తప్పదు మామయ్యా, మీకు అలాగే కనబడుతోందని అర్థమైంది. వీటిని ప్రింట్ తీసి డాక్టరమ్మకు చూపించాను. 'ఎవరమ్మా ఈయన, ముందు తీసుకురా' అన్నారావిడ."

"నాతోనే చెప్పొచ్చుగా?"

"మీకు రంగు తెలియట్లేదని మీతో అనడానికి నాకు నోరు రాలేదు. నేను మార్చింది నీలమూ, గీతలే. ఎండ ఎటునుంచి రావాలని మీరు చెప్పారో, అది ఎప్పుడూ కదపలేదు."

ఆమె బొమ్మలు దిద్దుతున్నానని రెండేళ్లు మురిసిపోయాను. ఆ పిల్లేమో నా కళ్లను కనిపెట్టుకుని కూర్చుంది. కడుపున పుట్టిన వాడికి కూడా తట్టలేదు ఆ సంగతి. కొత్తకంట్లో నీళ్లు తిరిగాయి. చెయ్యి పెట్టకూడదన్నారు కదా, ఆమే దూది తెచ్చి రెప్ప కింద మెల్లగా అద్దింది. తర్వాత కొత్త బొమ్మ తెర మీదికి తెచ్చింది.

కాసేపు చూసి, "నీడలో నీలం చాలలేదు," అన్నాను.

ఆమె అనుమానంగా నా వైపు తిరిగింది. "ఏ కంటితో చూసి చెబుతున్నారు?"

"కొత్తదానితోనే," అన్నాను, ఎడమకన్ను అరచేత్తో మూసుకుని.

నీలం పెంచింది. తల వెనక్కి వాల్చి చూసుకుంది. నేను కుర్చీలోంచి లేవకముందే ఆ బొమ్మను ఆట తయారుచేసేవాళ్లకు పంపేసింది.