నైరుతిలో పల్లంరాజు గారి పత్రాలు

పల్లంరాజు గారు కంప్యూటరు కొన్నది వాడడానికి కాదు, ఉందనిపించుకోవడానికి. కూర్చున్నవాళ్ళు తూర్పుకి చూసేలా ముందుగదిలో బల్ల వేయించి, దానికి కుంకుమబొట్టు పెట్టించి, పైన పట్టుగుడ్డ కప్పించారు. ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ కంటే ముందు అదే చూపించేవారు.

తెర వెలగ్గానే అందరికీ కనబడేలా "పల్లంరాజు గారి పత్రాలు" అని ఒక ఫోల్డర్ పెట్టమని కూతురు నాగదుర్గ ప్రాణం తీశారు. కాకినాడలో డిగ్రీ చదువుతున్న ఆ పిల్ల పోరు పడలేక ఎడమవైపు పై మూలన పెట్టింది. అందులో ఉన్నది ఒకటే, ఆయన సన్మానపత్రం. మర్నాడే పెద్దాపురంలో సన్మానం. సభ ఏర్పాటు చేసిందీ, జనాన్ని పిలిచిందీ, శాలువా రంగు ఎంచిందీ ఆయనే కాబట్టి, తన గొప్పలు కూడా తానే చెప్పి కూతురి చేత టైపు చేయించారు. సాయంత్రానికల్లా అది ప్రెస్సుకి అందాలి. అందకపోతే ఆయన్ని వేదిక మీద ఎందుకు కూర్చోబెట్టారో చెప్పే దిక్కుండదు.

ఆ మధ్యాహ్నం పిల్ల కాలేజీలో ఉండగా వాస్తు సిద్ధాంతి గారు వచ్చారు. రాజుగారు అలవాటుగా పట్టుగుడ్డ తీసి చూపించారు. సిద్ధాంతి గారు ముఖం మాడ్చుకున్నారు.

"మీరు తూర్పుకి తిరిగి కూర్చుంటున్నారు. అంటే తెరకి పైన తూర్పు, ఎడమన ఉత్తరం. ఖాళీగా ఉంచాల్సిన ఈశాన్యంలో బరువు పెట్టారేంటండి?"

"మా అమ్మాయి పెట్టిందండి."

"ఇప్పటి చదువులు అంతేలెండి. బరువెప్పుడూ నైరుతిలో ఉండాలి. అదిగో, కింద కుడిమూల."

కింద కుడిమూల చెత్తబుట్ట బొమ్మ ఉంది. మౌసుతో రాజుగారికి వచ్చిన విద్య పట్టుకుని లాగడం ఒక్కటే. ఏటేటా పొలం గట్టుని పక్కవాడి చేలోకి జరిపిన చేతికి ఫోల్డర్ ఒక లెక్కా? లాక్కెళ్ళి సరిగ్గా బుట్ట మీద వదిలారు. ఫోల్డర్ మాయమైంది. అంతవరకూ ఖాళీగా ఉన్న బుట్టలో కాగితాలు కనిపించాయి.

"కుదురుకుందండి," అన్నారు సిద్ధాంతి గారు తృప్తిగా. "కానీ నైరుతిలో చెత్త పనికిరాదు. బుట్ట ఖాళీ చేసేయండి, మీ పత్రాలు పైకి తేలతాయి."

అక్కడా ఇక్కడా నొక్కగా నొక్కగా కంప్యూటరు ఇంగ్లీషులో ఏదో అడిగింది. మర్యాదగా అడిగినవాళ్ళని కాదనడం రాజుగారి వంశంలో లేదు. ఎస్ నొక్కారు. సిద్ధాంతి గారు సంభావన పుచ్చుకుని చల్లగా జారుకున్నారు.

నాగదుర్గ వచ్చి చూసేసరికి తెర బోడిగా ఉంది. జరిగిందంతా విని తల పట్టుకుంది.

"మీరే బుట్టలో వేసి, ఆ బుట్టనీ దులిపేశారు నాన్నగారండీ. ఇంక నాకు తెలిసి రాదు."

అప్పటికే ప్రెస్సువాళ్ళు ఫోన్ చేసి ఉన్నారు.

"పోనీలెండి, మళ్ళీ కొట్టేస్తాను. మీరు చెప్పండి," అంటూ కీబోర్డు ముందుకి లాక్కుంది.

రాజుగారు కుర్చీలో నిటారుగా కూర్చుని గొంతు సవరించుకున్నారు. "ప్రజాబంధు, దానశీలి, శ్రీ పల్లంరాజు గారు..."

టకటకా కొట్టేసింది. "తర్వాతండీ?"

బడి కట్టించానన్నారో, బడికి స్థలం ఇచ్చానన్నారో ఆయనకి గుర్తు రాలేదు. ఉప్పెనప్పుడు అన్నదానం చేశానన్నారో, బట్టలు పంచానన్నారో అదీ తట్టలేదు. వాకిట్లోకి ఒకసారి చూసి, కుర్చీ కూతురి దగ్గరకి జరుపుకుని గొంతు తగ్గించారు.

"అమ్మా, మొన్న నేనేం చేశానని చెప్పాను?"