పరాయి ఇంట్ల మన మనిషి

శివమ్మకు నోరెక్కువ. అలియాబాద్‌ల రోడ్డు పక్కన చేపలమ్మే మనిషికి నోరు లేకుంటె ఎట్ల బతుకుతది మరి! అసొంటి శివమ్మ పన్నెండొద్దుల సంది ఎవ్వరితోని సక్కగ మాట్లాడుతలేదు. పెనిమిటి భిక్షం నేపాల్‌ల ఠాణాల పడ్డడు.

యాత్ర బస్సుల నలభై మంది పోయిండ్రు, ముప్పైతొమ్మిది మంది తిరిగొచ్చిండ్రు. ఆడ సర్కారు కాపాడే అడివి ఒకటున్నదట, అండ్ల నది. ఆ నదిల చేపను ముట్టుకుంటె జైలే. పాపం, భిక్షానికి ఆ సంగతి ఎవలు జెప్పాలె? సంచిలకెల్లి విసురువల దీసి ఇసిరిండు. అడివి జవాన్లు రెక్క వట్టుకోని తీస్కపోయిండ్రు. తీర్థానికి పోయెటోడు వల ఎందుకు తీస్కపోయిండని ఊరంత నవ్వింది. నవ్వేటోళ్లకేంది, పోయింది వాళ్ల మొగుడు గాదు గద!

"నువ్వు పరేషాన్ గాకు," అన్నడు సుధాకర్ పటేల్. ఒకప్పటి సర్పంచు, ఇప్పుడు శామీర్‌పేటల ప్లాట్లు అమ్ముతడు. "మా అక్క బిడ్డ శోభారాణి లేదా? ఆ దేశంల మన దేశం తరపున రాయబారి. ఆడ మనోళ్లందరికి పెద్ద ఆమెనే. ఒక్క ఫోన్ గొడితె తాళం ఊడిపడుతది."

శోభారాణి మేడ్చల్‌ల పుట్టిన పిల్ల. చిన్నప్పుడు మేనమామ ఇంటికొస్తె శివమ్మ గంపకాడ కూసోని ఏ చేప పేరేందో అడిగేది. ఆ పిల్ల గింత పెద్దదైందంటె శివమ్మకు కొండంత ధైర్యమొచ్చింది.

పటేల్ దఫ్తర్‌ల ఫోన్‌ను స్పీకర్ల పెట్టిండ్రు. సంగతంత ఇన్నంక శోభారాణి మెల్లగ అన్నది. "శివక్కా, నేను ఈడ కలెక్టర్‌ను గాను. ఇది వాళ్ల ఇల్లు, నేను చుట్టాన్ని. చుట్టమొచ్చి ఇంటోళ్ల తాళం తీయమంటదా? వకీలును పెట్టించిన. మా ఆఫీసోళ్లు పోయి బావను సూసొచ్చిండ్రు, పానం మంచిగనే ఉన్నది. ఇడువుమని హుకుం మాత్రం ఎయ్యలేను."

శివమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మరెందుకమ్మా నువ్వు ఆడ? మావోన్ని ఇడిపించ చాతగాని పెద్దరికమేంది? పేరు గొప్ప, ఊరు దిబ్బ!"

పటేల్ ముఖం మాడిపోయింది. "ఎవలతోని మాట్లాడుతున్నవే శివమ్మా!"

"ఉండు మామా, అననీ," అన్నది శోభారాణి. "అక్కా, ఒక్కటి జెప్పు. ఆ వల తనది గాదు, తానానికి దిగితె కాళ్లకు సుట్టుకున్నదని బావ రాసిచ్చిండు. నిజమేనా?"

పటేల్ నేల దిక్కు సూసిండు. ఆ మాట నేర్పింది ఆయనే. పట్టుకున్న నాడే భిక్షానికి ఫోన్ల, వల నాది గాదను, ఇడిచిపెడ్తరు అని చెప్పిండు. మంచికే చెప్పిండు గని, ఏం తెలివి అది!

అబద్ధాన్ని పట్టుకుంటె మొగుడు వస్తడేమో. నిజం జెప్తె ఏండ్లకేండ్లు లోపటనే ఉంటడేమో. గని మీసాలు రాకముందే వల పట్టిన మనిషి, వల నాది గాదని రాసిచ్చి ఎట్ల నిద్రవోతున్నడో అనుకుంటె దుఃఖమాగలేదు.

"అబద్ధమమ్మా. వల ఆయినదే. మా ఇంట్ల, కొత్త నీళ్లు సూస్తె మొదటి వల గంగమ్మది. అండ్ల వడ్డ చేపకు పసుపు వెట్టి, దండం వెట్టి, మళ్ల నీళ్లల్లనే ఇడుస్తం. నిరుడు నాకు కడుపు ఆపరేషన్ అయింది. నేను బతికితె ఎరుగని గంగల మొదటి వల ఏస్తనని మొక్కుకున్నడు. నా కోసమే పోయిండమ్మా, తిననీకె గాదు."

అవతల కాయిదాలు తిరగేసిన సప్పుడైంది.

"కాయిదంల వల రాసిండ్రు, రొంటిల పసుపు పొట్లం దొరికిందని రాసిండ్రు. చేప దొరికిందని మాత్రం రాయలే," అన్నది శోభారాణి. "అదేందో ఈడోళ్లకు సమజ్ గాలె. మా ఆఫీసోళ్లకూ గాలె. అక్కా, నువ్వు సరే అంటె బావను నిజమే చెప్పమంట. రూలు తప్పిండు, అది ఒప్పుకోవాలె. ఈసారి నేనే పోత. మనోళ్ల మనసుల ఏమున్నదో వాళ్లకు తెలిసేటట్టు చెప్పుడే నా పని. తీర్పు మాత్రం వాళ్లదే."

"వాళ్లు ఇనకుంటె?"

"మళ్ల అడుగుత."

పటేల్ వద్దని చెయ్యి ఊపుతనే ఉన్నడు. శివమ్మ ఆయన దిక్కు సూడలేదు. "నిజమే చెప్పుమను," అన్నది.

అన్నది గని, ఆరు దినాలు ముద్ద దిగలేదు. తన నోటితోనే మొగున్ని లోపటికి తోసిన్నా అని కుమిలిపోయింది. ఏడో రోజు పగటిపూట, గిరాకికి చేపలు కోస్తుంటె ఫోన్ మోగింది. భిక్షం గొంతు!

"ఇడిచిండ్రే. వల తీసుకున్నరు. మళ్ల గిట్ల జేస్తె ఇడువం అన్నరు."

"ఎట్లిడిచిండ్రయ్యా?"

"ఆమె వచ్చిందే, పటేల్ మేనకోడలు. తీర్పు జెప్పే అడివి ఆఫీసు పెద్దసారు పనిల ఉన్నడంటె, వచ్చి నా పక్కన బల్లమీద కూసున్నది. రెండు గంటలు! లోపటికి పిలిస్తె నాకంటె ముంగట లేచింది. మా మనిషి తప్పు జేసిండు, మా అందరి తరపున మాఫీ అడుగుతున్న అని దండం వెట్టింది. అటెనుక మన మొక్కు సంగతి వాళ్ల భాషల ఒక్కొక్కటి జెప్పింది. నేను దొంగ లెక్క తల దించుకున్న శివా, ఆమె నా కోసం తల దించింది. అది సూసి ఆ సారు గుడ లేచి నిలవడ్డడు."

శివమ్మ చేతిల కత్తి పక్కన వెట్టింది. తానన్న మాటలు తనకే ముళ్లయి గుచ్చుకున్నయి. "ఫోన్ ఆమెకియ్యి," అన్నది.

"శివక్కా..."

మాఫీ అడుగుదామనుకున్నది. గంత నోరున్న శివమ్మకు ఒక్క మాట దొరకలేదు. పుట్టినప్పటి సంది ఆ ఇంటోళ్లను అమ్మా, పటేలా అని పిలిచిన నోరది.

"చెల్లే," అన్నది ఆఖరుకు, "పొద్దుగాల సంది ఏమన్న తిన్నవా?"

"లేదక్కా. బావ తినలే, నేనెట్ల తింట? ఇగ ఇద్దరం తింటం."

ఎదురుంగ గిరాకి నిలవడి సూస్తుంటె, శివమ్మ కొంగు నోట్ల కుక్కుకోని ఎక్కెక్కి ఏడ్చింది.