గంట మోగితే ఎడమ చెయ్యి

నేను ఒక కీబోర్డును. ఈ మాట అనగానే మీ చూపు నా ముందున్న తెర మీదికి పోయిందని నాకు తెలుసు. అందరూ అంతే. వేళ్లు నా మీద, కళ్లు దాని మీద. చాకిరీ నాకు, పొగడ్తలు దానికి. పోనీలెండి, అలవాటైపోయింది. నాతో పుట్టినవాళ్లు ఈపాటికి ఏ గోనెసంచిలోనో ముక్కలై ఉంటారు. నేను మాత్రం సామర్లకోటలో, కిటికీ పక్కన టేబుల్ మీద, సాయంత్రపు ఎండ కాచుకుంటూ హాయిగా ఉన్నాను. ఎలాగో చెబుతాను, కాస్త కూర్చోండి.

పుట్టింది ఎక్కడో సముద్రం అవతలట. ఒకే పోలికతో ఒక్కరోజున వందలమందిమి పుట్టాం. పుట్టీ పుట్టగానే అట్టపెట్టెలో పెట్టేశారు. మళ్లీ వెలుగు చూసేసరికి కాకినాడలో, కాలేజీ ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ సెంటర్లో ఉన్నాను. పరీక్ష ఫలితాల రోజున నా ఎంటర్ మీటకు జరిగినన్ని మొక్కులు ఏ విగ్రహానికీ జరగవు. కళ్లు గట్టిగా మూసుకుని, పెదవులు కదుపుతూ, ఒక్క వేలితో నొక్కేవాళ్లు. పాసైతే తామెంత కష్టపడ్డారో స్నేహితులకు చెప్పుకునేవాళ్లు. ఫెయిలైతే నేను సరిగ్గా పనిచేయలేదని మళ్లీ మళ్లీ కొట్టేవాళ్లు.

ఆ తరవాత సామర్లకోటలో పెళ్లిపత్రికలు కొట్టే డీటీపీ షాపుకొచ్చాను. నా ఒంటినిండా తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించారు. ఓనరుకు మిరపకాయ బజ్జీ తింటే గానీ పని సాగేది కాదు. ఎన్ని జంటల పేర్లు పక్కపక్కన కొట్టానో గుర్తులేదు గానీ, ఆ బజ్జీ నలుసులు ఇప్పటికీ నా లోపలే ఉన్నాయి. ఒకరోజు నల్లగా నిగనిగలాడుతూ కొత్త కీబోర్డు దిగింది. నన్ను పాతసామాన్ల దుకాణానికి పంపేశారు.

హైమావతి టీచరుగార్ని మొదటిసారి చూసింది అక్కడే. ముప్పయ్యేళ్లు ఈ ఊళ్లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. నేర్చుకునేవాళ్లు లేక దాన్ని మూసేసి, తన పది టైపు మిషన్లనూ అప్పగించడానికి వచ్చింది. పని అయిపోయినా వెళ్లలేదు. వాటి పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. అలా నిలబడి ఉండగా సంచిలోంచి తొంగిచూస్తున్న నేను కనబడ్డాను. వంగి, ఎనిమిది వేళ్లూ నా నడిమి వరస మీద ఆనించింది. ఆ వేళ్లు వాటి చోట్లకు అవే వచ్చి కూర్చున్నాయి. అబ్బ, ఏం వేళ్లండీ! నా ఇన్నేళ్ల బతుకులో అంతవరకూ మీటల కోసం వెతుక్కోకుండా నొక్కినవాళ్లు ఒక్కరూ లేరు.

"వరస మారలేదే!" అంది ఆశ్చర్యంగా. నన్ను చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది. స్టిక్కర్లు ఊడదీసి, గుడ్డతో తుడిచి, చెల్లెలి కొడుకు వదిలేసి వెళ్లిన పాత కంప్యూటరుకు తగిలించింది. అయితే ఏం కొట్టాలి? కొట్టించుకునేవాళ్లెవరూ లేరు కదా. కొన్నాళ్లు ఊరికే పాత దరఖాస్తు నమూనాలు కొట్టుకుంటూ కూర్చుంది.

అప్పుడు దొరికారు ఆవిడ పాత శిష్యులు. ఆర్టీసీ డిపోలో గుమాస్తాగా చేసి రిటైరైన జోగారావు, రాజమండ్రి బళ్లో పనిచేసే ఝాన్సీ, స్టేషను దగ్గర టిఫిన్ సెంటరు నడిపే సువార్త. ముగ్గురూ కలిసి ఇంటర్నెట్‌లో 'మాటలమూట' అనే ఆట ఆడతారు. జట్టుకు నలుగురుండాలి, కట్టిన మాటల లెక్కను బట్టి జట్లను పై లీగులోనో కింది లీగులోనో వేస్తారు. నాలుగో మనిషి మానేస్తే టీచరుగారు గుర్తొచ్చారు. ఆట తేలికే. తెరమీద ఏడు గళ్లు, గడికో అక్షరం, కింద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు. ఆ అంకెలు నొక్కి మాట కట్టాలి. రెండు నిమిషాల్లో ఎన్ని కడితే అంత. ఇరవై సెకన్లు మిగిలాయనగా టింగుమని గంట మోగుతుంది.

ఆదివారం నాలుగింటికి ఆట. దాని తరవాత ఓ గంటసేపు నలుగురూ ఫోనులో కబుర్లు. "టీచరుగారూ" అని ఆ ముగ్గురూ పిలుస్తుంటే ఈవిడ మొహం చూడాలి మీరు! ఇన్‌స్టిట్యూట్ మూశాక ఆ పిలుపు వినబడేది వారంలో ఆ ఒక్క పూటే. శనివారం నుంచే నన్ను తుడిచి సిద్ధం చేసేది.

కబుర్లు బాగానే ఉండేవి, ఆటే ఘోరం. ముప్పయ్యేళ్లు ఆవిడ శిష్యుల్ని అడిగిన మొదటి మాట ఒక్కటే. కాగితం వెలుతురుకు ఎత్తి పట్టి, ఎర్ర పెన్సిలు చెవి మీంచి తీసి, "ఎన్ని తప్పులు?" అనేది. అంత నిష్ఠ గల మనిషి ఏదైనా మాట కనబడితే వెంటనే నొక్కుతుందా? అది నిఘంటువులో ఉందా లేదా, వాళ్లు ఒప్పుకుంటారా లేదా అని తర్జనభర్జన. పైగా చిన్న మాటలంటే చులకన. ఏడక్షరాలూ కలిసొచ్చే మహాపదం కోసం గాలించేది. రెండు నిమిషాలూ అయిపోయేసరికి తొమ్మిదో పదో మాటలు తేలేవి. "ఒక్క తప్పు లేదు" అని తృప్తిగా వెనక్కి వాలేది. మిగతా ముగ్గురూ ఫోనులో దగ్గేవాళ్లు.

ఇంకో తద్దినం కూడా ఉంది, చెప్పాలంటే నాకే ఒళ్లు మండుతుంది. టైపు మిషను మీద లైను చివరికొస్తే గంట మోగుతుంది కదా. మోగగానే ఎడమ చెయ్యి లేచి లివరు తోసి కొత్త లైనుకు పోవాలి. ముప్పయ్యేళ్లు తోసిన చెయ్యి అది. ఆటలో గంట మోగడమే ఆలస్యం, ఈవిడ ఎడమ చెయ్యి దానంతటది లేచి గాలిలో ఓ విసురు విసిరేది. అక్కడ మంచినీళ్ల గ్లాసు ఉండేది. మూడుసార్లు నాకు స్నానం. మూడుసార్లూ బోర్లా పడుకోబెట్టి ఎండబెట్టారు. నాలుగోసారి గ్లాసు తీసేసింది గానీ చెయ్యి ఆగలేదు. గాలిలోకి పోయి, తెల్లబోయి, సిగ్గుపడి తిరిగొచ్చేసరికి ఆట ముగిసేది. శబ్దం కట్టేసి చూసింది. ఇంకా అన్యాయం. ఎప్పుడు మోగాల్సిందోనని గడియారం వంకే చూస్తూ కూర్చుంది.

ఇలా ఉండగా ఒక సోమవారం మధ్యాహ్నం, టిఫిన్ సెంటరు కట్టేసి సువార్త వచ్చింది. చేతిలో గిన్నె, గిన్నెలో ఉప్మా పెసరట్టు. మొహంలో మాత్రం ఇబ్బంది.

"ఏమే, నిలబడ్డావేం? కూర్చో," అంది టీచరుగారు.

"కూర్చుంటానండి. ముందిది చెప్పేత్తాను, లేపోతే నా నోట రాదు. మనం కింది లీగులోకి జారిపోయేలా ఉన్నామండి. ఈ నెలాఖరు ఆదివారం మీకు ఇరవై మాటలు రాపోతే, మీ చోట్లో మా ఆడపడుచుని తీసుకుందారి అంటన్నారు జోగారావుగారు. మీకు చెప్పే ధైర్యం ఆయనకి లేదు. నన్ను పంపేరు."

టీచరుగారు నా వైపు తిరిగింది. వేళ్లు నా నడిమి వరస మీద పెట్టి ఊరికే ఉంచింది. చల్లగా ఉన్నాయి. నాకు చాలా బాధేసింది. ఆదివారం నాలుగింటి ఆట పోతే ఈవిడకు వారంలో ఏం మిగులుతుందో నాకు తెలుసు కదా.

"న్యాయమే," అంది చివరికి. "పరీక్షంటే పరీక్షే. ఎన్ని రోజులుంది?"

"పదమూడండి. నేను రోజూ వత్తాను."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఈ సువార్తను టీచరుగారు టైపు లోయర్ పరీక్షకు పంపకుండా రెండేళ్లు ఆపేసింది. ఒక కాగితంలో నలభై ఒక్క తప్పులు కొట్టిన ఘనురాలు. చివరికి విసిగిపోయి మానేసి అట్లు పోసుకుంటోంది. ఆ జట్టులో అందరికంటే ఎక్కువ మాటలు కట్టేది ఆ పిల్లే. పిల్లంటే యాభై దాటిందనుకోండి, టీచరుగారి లెక్కలో పిల్లే.

మర్నాటి నుంచి పాఠాలు మొదలయ్యాయి. సువార్త స్టూలు మీద, టీచరుగారు కుర్చీలో.

"ఏంటండీ, అలా బిగదీసుక్కూర్చున్నారు? పెద్దమాట దానికదే కనబడద్ది. ముందు చిన్నయి ఏరండి. రెండక్షరాలయి, మూడక్షరాలయి. 'లు' ఉందా? అయితే కట్టిన ప్రతిదానికీ తగిలించి మళ్లీ కొట్టండి, ఒకటికి రెండొత్తాయి."

"అది మోసం కాదుటే?"

"మోసమేంటండీ, అట్టొకటి అట్లు రెండు! రెండూ వేరే మాటలే గదా."

టీచరుగారు నవ్వాపుకుంది. అనుమానమొచ్చిన మాట దగ్గర మాత్రం వేలు గాలిలోనే నిలిచిపోయేది. సువార్త పక్కనుంచి పొడిచేది. "కొట్టెయ్యండి."

"తప్పయితే?"

"ఏమవుద్ది? బుర్రుమంటది. అంతే. మార్కులు కొయ్యడు, కాయితం మార్చక్కర్లేదు. మీరు ఆలోచించేలోపు నేను నాలుగు కొట్టి మూడు తప్పు చేసి ఒకటి గెలుత్తాను."

మొదటిసారి ఆ బుర్రు వినగానే టీచరుగారు ఉలిక్కిపడి నా మీంచి రెండు చేతులూ తీసేసింది. నాలుగో రోజుకు మూతి ముడవడంతో సరిపెట్టుకుంది. వారం తిరిగేసరికి బుర్రుమన్నా వేళ్లు ఆగలేదు. ఆట ముగిశాక తప్పిపోయిన మాటలన్నీ తెర చూపిస్తుంది. వాటిని మార్జిన్ గీసిన నోటుబుక్కులో ఎక్కించేది. కూరగాయలకెళితే కొట్ల బోర్డులు చదివి, అక్షరాలు విడగొట్టి, వాటిలోంచి వేరే మాటలు లాక్కొచ్చేదట. వంకాయలు ఏరుతూ పైకే అనేసరికి కొట్టువాడు కంగారుపడ్డాడని సువార్తతో చెప్పి ఇద్దరూ తెగ నవ్వారు. ఆట పదహారు మాటల దాకా పాకింది. అక్కడ ఆగిపోయింది, ఆ గంట దగ్గర.

నాలుగు రోజులే మిగిలాయి. ఆ రోజు సువార్త తెరవైపు చూడడం మానేసి, టీచరుగారి చేతుల వంకే చూస్తూ కూర్చుంది. టింగుమంది. చెయ్యి లేచింది. సువార్త పకపకా నవ్వింది.

"నవ్వకే! నాకు ఏడుపొస్తుంటే."

"మిమ్మల్ని కాదండీ. నాకూ అంతే! మొన్నమొన్నటిదాకా చర్చిలో గంట కొడితే నా ఎడం చెయ్యి లేచేది. పాస్టరుగారు సాక్ష్యం చెప్పడానికి లేత్తన్నాననుకుని రెండుసార్లు నన్ను నిలబెట్టేరు." కళ్లు తుడుచుకుని నా మీదికి వంగింది. "ఆ చెయ్యి ఆగదండీ, దాన్ని ఆపొద్దు. అది ఎక్కడికెళ్తందో చూడండి. ఇదిగో, లివరుండే చోట ఏముందో చూడండి!"

నా ఎడమ పై మూల అది. ఎస్కేప్ అనే మీట ఉంటుందక్కడ. నిజం చెబుతున్నాను, ఇంటర్నెట్ సెంటర్లో గాని డీటీపీ షాపులో గాని, ఎవరూ దాన్ని పట్టుమని పదిసార్లు నొక్కలేదు. అక్షరాలన్నీ అరిగిపోయినా అది కొత్తగానే ఉంది.

"ఈ ఆటలో అది కొడితే గళ్లలో అక్షరాలు కలిసిపోయి కొత్త వరసలోకొత్తాయండి. మీరెప్పుడూ కొట్టరు, చిందరవందరైపోద్దని. గంట మోగిందా, మన లివరు తోసేయండి. కొత్త లైను!"

టీచరుగారు మూల మీటను ఓసారి నొక్కి చూసింది. లేచి, ఎర్ర పెన్సిలు వెతికి తెచ్చి, చిన్న కాగితం ముక్క మీద 'లివరు' అని రాసి నా మూల మీట మీద అంటించింది. ఆ నాలుగు రోజులూ ఆ మూల ఎంత దెబ్బ తిందో నాకు తెలుసు. మొదట్లో గురి తప్పి పక్కమీట మీద పడేది. శనివారానికి సరిగ్గా దిగింది.

ఆదివారం నాలుగైంది. ఫోను స్పీకరులో ముగ్గురూ ఉన్నారు. ఆట మొదలవుతుందనగా అందరూ గప్‌చుప్. గళ్లు తెరుచుకున్నాయి. క, ముము కాదు, ఒక్కటే ము, ఆపైన ల, వ, ప, డ, లు. కంగారులో నాకే చూపు తడబడింది. ఆవిడ మాత్రం మూడు సెకన్లు ఏమీ నొక్కలేదు, ఊరికే చూసింది. అదీ సువార్త పాఠమే. తరవాత కల, వల, వడ, కడ, పలు, కలము. 'లు' తగిలించి కలలు, వలలు, వడలు. పలక, పలకలు, కలప, పడక, పడకలు. మధ్యలో బుర్రు, బుర్రు. ఆగలేదు. పద్నాలుగు మాటలయ్యాక చూపు గళ్ల మీదే తిరుగుతూ నిలిచిపోయింది. కట్టిన మాటలే మళ్లీ మళ్లీ కనబడుతున్నట్టున్నాయి. 

టింగ్.

ఎడమ చెయ్యి లేచింది. నేను కాచుకునే ఉన్నాను. ఠప్పున దిగింది మూల మీట మీద. అక్షరాలు గలగలా కలిసిపోయి కొత్తగా కూర్చున్నాయి. ప, డ, వ, లు పక్కపక్కనే! పడవ, పడవలు. కడవ, కడవలు. కడప అని కొట్టింది, ఊళ్ల పేర్లు చెల్లవని బుర్రుమంది. "పోనీ!" అంది టీచరుగారు పైకే. కలువ. కవల. కవలలు అని చివరి అంకె మీద వేలు ఆనించి ఎంటర్ కొట్టేసరికి రెండు నిమిషాలూ అయిపోయాయి.

"ఇరవై ఒకటండీ టీచరుగారూ!" జోగారావు కేక ఫోను బద్దలయ్యేలా వినబడింది. "లీగు నిలబడిపోయింది!" ఝాన్సీ చప్పట్లు. టీచరుగారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, కళ్లు తడిగా.

ఆ సందడి కాస్త తగ్గాక సువార్త గొంతు వచ్చింది. గొంతు సవరించుకుని, బాగా గంభీరంగా.

"అయన్నీ సరేనండీ. ఎన్ని తప్పులు?"

టీచరుగారు గబుక్కున నిటారుగా కూర్చుంది, బెంచీ మీద పిల్లలా. తెర వంక చూసి లెక్కపెట్టుకుంది.

"పదకొండు," అంది.

"పాస్," అంది సువార్త.

అదండీ నా సంగతి. ఇప్పటికీ ప్రతి ఆదివారం నాలుగింటికి ఆ దెబ్బ నాకు తప్పదు. మూల మీట వదులైంది, మీద కాగితం ఊడి రెండుసార్లు మళ్లీ అంటించారు. నా పక్కన ఉండే ఎర్ర పెన్సిలు మాత్రం ఈమధ్య చెవి మీదికి ఎక్కడం లేదు. ఆ పెన్సిలుతో ఆవిడ నోటుబుక్కులో సువార్త చెప్పే మాటలు రాసుకుంటోంది. ఇంకొన్నాళ్లకు నేనూ పాతసామాన్లలోకి పోతాను, తెలుసు. ఆ రోజు ఎవరైనా నన్ను సంచిలోంచి తీసి చూస్తే, అక్షరాలన్నిటికంటే ఎడమ పై మూలే ఎక్కువ అరిగిపోయి ఉంటుంది. ఎందుకని వాళ్లు అడగరు. అడగకపోయినా నేను చెప్పుకుంటాను.