మోసీవాడి మాట

మేయర్ మంజూరైన కట్టడాల జాబితా చదివి కాగితం మడిచేశాడు. సెలెస్తీన్ తోయె మాత్రం ఇంకా వింటూనే ఉంది. తమ ఊరు తియెరె పేరు ఎక్కడో వచ్చే ఉంటుందనీ, తన చెవికే అందలేదనీ ఆమె నమ్మకం. కాన్పుల ఆసుపత్రి కొసిన్ ఊరికి పోయిందని పక్క కుర్చీలోని కౌన్సిలర్ మళ్లీ చెబితేగానీ బుర్రకెక్కలేదు. 

ఆ ఆసుపత్రి కోసం ఆమె మూడేళ్లుగా మున్సిపాలిటీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. కౌన్సిలర్‌గా నిలబడిందే అందుకు. తియెరెలో నొప్పులొస్తే మూడు చక్రాల బండిలో పడుకోబెట్టి, అడుగుకో గుంత ఉన్న దారిలో ఇరవై కిలోమీటర్లు లాక్కుపోవాలి. పోయిన వానాకాలం బండి వాగు దగ్గర దిగబడిపోయి, పెద్ద కోడలు అందులోనే కన్నుమూసింది, కడుపులో బిడ్డతో సహా. ఇప్పుడు చిన్న కోడలు ఎవెలీన్‌కు మూడో నెల. కాన్పు సరిగ్గా వానల్లో పడుతుంది. ఈలోగా గోడలు లేస్తాయి, మంత్రసాని వస్తుంది అని సెలెస్తీన్ ఆ పిల్లకు రోజూ ధైర్యం చెబుతోంది.

"మీ ఊరే కదమ్మా వద్దంది," అన్నాడు మేయర్.

 గుమాస్తా ఫైలు తీసి చదివాడు. స్థలం రాసిచ్చే కాగితం మీద నెలాఖరులోగా సంతకాలు పడకపోతే కట్టడం కొసిన్‌కు పోతుందని ఊరి సభలో చెప్పారట. దానికి తియెరె కౌన్సిలర్ ఇచ్చిన సమాధానం ఇదట: "తీసుకుపో. బానిసలు కట్టిన ఇంట్లో మా పిల్లలు పుట్టరు."

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఆ మాట తనదే.

ఆ సభకు వచ్చిన మున్సిపాలిటీ పనుల అధికారి ఇల్బుదో మోసీ తెగవాడు. తియెరె అంతా సామో తెగ. మోసీలకూ సామోలకూ తాతల నాటి నుంచీ బావామరదుల సరసం. ఎదురుపడితే ఒకరినొకరు బానిస అనకుండా మంచినీళ్లయినా ముట్టరు. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. ఇల్బుదో బండి దిగుతూనే నా బానిసలు ఇంకా నిద్ర లేవలేదా అన్నాడు. వీళ్లు అతని కుర్చీ లాగేసి కింద కూర్చోబెట్టారు. సామోలు కుక్కల్ని తింటారని మోసీల ఎగతాళి; సజ్జ సంకటి పెడితే, కుక్క తలకాయ మీరే మింగేశారా అని గిన్నె గాలించాడు. అలా రెండు గంటలు పొట్టలు చెక్కలయ్యాక, కళ్లజోడు పెట్టుకుని కాగితం తీసి ఆ నెలాఖరు ముక్క చెప్పాడు. ఊరంతా పడీపడీ నవ్వింది. ఊరి నేలకు పెద్ద, మొదటి సంతకం పెట్టాల్సిన ముసలాయనైతే కళ్లు తుడుచుకుని, ఆ కాగితం తీసి ఇంటి చూరులో దోపేశాడు. చదువుకున్నది, కౌన్సిలరు, సెలెస్తీన్ కూడా అందరితో పాటే నవ్వింది. ఆ తెలివితక్కువతనానికి ఏమని పేరు పెట్టాలి?

ఆమె వెనక్కి తిరిగింది. ఇల్బుదో గోడవారన నిలబడి ఉన్నాడు. 

"అక్కా, అది మాత్రం నిజంగానే చెప్పాను."

"నవ్వుతూ చెప్పావు."

"మీ ఊళ్లో నవ్వకుండా ఎట్లా మాట్లాడను? నువ్వు సరసానికే అంటున్నావని తెలుసు. ఎట్లాగూ సంతకాలు పంపిస్తారులే అని చివరి రోజు దాకా చూశాను. రాలేదు. ఊరేమందని అడిగితే ఇంకేం రాసేది?"

మేయర్ కూడా మోసీయే. సామో అడిగింది మోసీ కాదనకూడదు, అది పద్ధతి. సెలెస్తీన్ సభ మధ్యలో చేతులు జోడించి అడిగింది. ఆయన తల దించుకున్నాడు. కొసిన్‌లో మొన్ననే పునాది తవ్వేశారని, నిధులిచ్చినవాళ్లకు ఈ చుట్టరికాలు తెలియవని మెల్లగా చెప్పాడు.

పొద్దు వాలేసరికి ఆమె ఊరు చేరింది. ఆడవాళ్లు సజ్జలు దంచుతున్నారు. మన ఆసుపత్రి కొసిన్‌కు ఇచ్చేశారని చెప్పింది. ఎవరిచ్చారని అడిగారు. ఇల్బుదో రాసిచ్చిన కాగితం మీదే అంతా జరిగిందంది.

ఆ పేరు వినగానే రోకళ్లు ఆగాయి, నవ్వులు మొదలయ్యాయి. ఆ బానిస మళ్లీ మొదలుపెట్టాడా అంది ఒకామె. ఈసారి వాడికి సంకటి కూడా పెట్టొద్దంది ఇంకొకామె. ఎవెలీన్ అందరికంటే గట్టిగా నవ్వింది.

సెలెస్తీన్ నవ్వలేదు. అక్కడే దుమ్ములో చతికిలబడింది. ఆమె మొహం చూసి ఒక్కొక్కరే నవ్వు ఆపారు. ఎవెలీన్‌కు అర్థం కావడానికి అందరికంటే ఎక్కువసేపు పట్టింది.

"అయితే అత్తా," అంది చివరికి, "నన్నూ ఆ బండిలోనే తీసుకెళ్తారా?"