అట్టపెట్టె విప్పేశాక

బొగలే వెళ్ళే పడవలో కూర్చున్నంతసేపూ డా ఓన్ చీ పెదవులు కదులుతూనే ఉన్నాయి. పక్కనున్నామె ఏదో జపం చేసుకుంటోందనుకుని కాస్త ఒదిగి చోటిచ్చింది. జపమూ కాదు, పాడూ కాదు. బ్యాటరీ నీరసపడితే ఈ ఇన్వర్టర్ ఎక్కడ ఆగుతుంది, మళ్ళీ ఎంత కోలుకున్నాక లేస్తుంది, ఆ రెండు అంకెలూ మనం మార్చుకోవచ్చా? కొట్టువాణ్ణి అడగాల్సిన ఈ మాటల్ని ఆవిడ బట్టీ పడుతోంది.

పతేన్‌లో కరెంటు పని చేసే తమ్ముడు ఫోనులో చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"అక్కా, నేను పంపింది లిథియం బ్యాటరీ. నీళ్ళు పోసే పాత బ్యాటరీల కోసం చేసిన ఇన్వర్టర్లు కొన్నుంటాయి, వాటి అంకెలు కదలవు. అలాంటిది కొన్నావో, ఒకసారి పడుకుందంటే బ్యాటరీ ఇంచుమించు నిండేదాకా లేవదు. ముసురు పట్టిన రోజైతే ఇక లేవనే లేవదు. రెండూ మార్చుకునేది అడిగి మరీ తీసుకో. అక్కడికెళ్ళి మొహమాటపడి చావకు."

ఆ చివరి మాట ఊరికే అనలేదు. డా ఓన్ చీ తన కాలు తొక్కినవాడికి తనే క్షమాపణ చెప్పుకునే రకం. ఇరావతి ముఖద్వారాల్లో ఈ జబ్బుకు ఆనా అని పేరు. ‘ఆ’ అంటే బలం, ‘నా’ అంటే నొప్పి. బ్యాటరీలోకి ఎక్కించే ఛార్జిని కూడా అక్కడ ‘ఆ’ అనే అంటారు. ఎదుటివాణ్ణి కష్టపెడతామేమోనని మన బలమంతా నొచ్చుకుని నోరు పెగలకపోవడమే ఆనా. ఆ దేశంలో దాన్ని గుణమంటారు. నన్నడిగితే సగం గుణం, సగం రోగం.

ఇన్వర్టర్ ఎందుకంటే, ఆవిడ ఇంట్లో సోలార్ పలకల కరెంటుతో గుడ్లు పొదిగే పెట్టె, ఇంక్యుబేటర్ ఉంది. ఊళ్ళో బాతులు పెంచే ఆడవాళ్ళంతా గుడ్లు ఆవిడ దగ్గరే పొదిగించుకుంటారు. వరికోతలు అయ్యేసరికి పిల్లలు చేలోకి దిగాలి, రాలిన గింజ తిని పెరగాలి. ఆ అదను తప్పిందా, ఆ ఏడు బాతుల్లేనట్టే. ఈసారి సగానికి పైగా గుడ్లు పక్కింటి మా న్యేన్‌వి. వానల్లో తెగులు సోకి ఆమె మంద తుడిచిపెట్టుకుపోతే, మిగిలిన కొద్ది బాతులూ పెట్టిన గుడ్లు ఒక్కటీ అమ్ముకోకుండా, ఒక్కటీ వండుకోకుండా పోగుచేస్తోంది. పేర్ల ముందు ‘డా’, ‘మా’, ‘ఊ’ అన్నవి అక్కడి మర్యాద పిలుపులు; న్యేన్ అంటే నెమ్మది. ఆ పేరు పెట్టినవాళ్ళు పిల్ల నోరు వినకముందే పెట్టి ఉంటారు.

"అక్కా, మంచిది చూసి తే. నా బతుకంతా నీ పెట్టెలో పెడుతున్నా," అని రేవు దాకా వచ్చి మరీ అరిచి పంపింది.

కొట్టు యజమాని ఊ సో పైంగ్ స్థూలకాయుడు. పెదవుల మీద ఎప్పుడూ కిళ్ళీ ఎరుపు, మాటలో ఎప్పుడూ తేనె.

"రండక్కా, ఎండన పడి వచ్చారు. ముందు టీ తాగండి. ఈ లపెట్ మా ఇంటావిడ కలిపింది, నిమ్మకాయ ఎక్కువైందేమో రుచి చూసి చెప్పండి."

"అయ్యో, చాలా బాగుంది," అంది డా ఓన్ చీ. ఆ ఊరేసిన తేయాకును ఇంకా నోట్లో పెట్టుకోలేదు.

ఇన్వర్టర్ కావాలని చెప్పిందో లేదో, ఆయన అంత ఒళ్ళూ వేసుకుని స్టూలెక్కి, అటక మీంచి ఒక అట్టపెట్టె దించాడు. ఆయాసపడుతూ కూలబడి కత్తితో అంటింపు కోశాడు. లోపలి తెల్ల థర్మాకోల్ దిమ్మలు తీసి పక్కన పెట్టాడు. ఇన్వర్టర్‌కి అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొరను గోటితో లేపి చర్రున లాగేశాడు. కొట్టులో ఉన్న బ్యాటరీకి తగిలించి బల్బు వెలిగించి, చెమట తుడుచుకుంటూ, తనే కనిపెట్టినంత సంబరంగా నవ్వాడు.

దానికి ఒక మీట, మూడు దీపాలు. అంతే. అంకెలు కనబడే తెర లేదు, నొక్కే బొత్తాలు లేవు. తెరా బొత్తాలూ ఉన్నది గోడకు వేలాడుతోంది. తమ్ముడు చెప్పింది అదేనని చూడగానే తెలిసింది. ధరలో తేడా కూడా చెప్పుకోదగ్గది కాదు.

"దీనికి... ఆ అంకెలు..." అంటూ నోరు తెరిచింది.

"అంకెల గొడవే లేదక్కా! అదే ఆగుద్ది, అదే లేస్తుంది. మీకే తిప్పలూ ఉండదు."

మీది ఏ బ్యాటరీ అని ఆయన అడగలేదు. ఆవిడ చెప్పలేదు. చెప్పడానికి ఒక్క ముక్క చాలు. కానీ పొర లాగేశాడు, దిమ్మలు తీసేశాడు, అంటింపు కోసేశాడు. ఇప్పుడు వద్దంటే ఇంకొకరికి ఇది కొత్త సరుకని ఎలా ఇస్తాడు? అంత ఆయాసం ఎవరి కోసం పడ్డాడు? ఇంటావిడ కలిపిన లపెట్ కూడా తినేసిందే తను!

"ఇదే బాగుంది," అంది. ఆయన ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూసి, పెట్టె కట్టడం మొదలుపెట్టాడు.

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళు మోటుగా ఒక సామెత చెప్పారు. ఇక్కడ రాయను గానీ, పడవలో ఇన్వర్టర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న డా ఓన్ చీ మొహం సరిగ్గా ఆ సామెతలాగే ఉంది. ఆ సాయంత్రం తమ్ముడు ఫోను చేసి, "నేను చెప్పిందే దొరికిందా?" అని అడిగితే "దొరికింది" అని చెప్పింది.

ఎండ ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు. గుడ్లను దీపానికి పట్టి చూస్తే ఎర్రటి నరాలు, మధ్యలో కదిలే చుక్క. చుక్క మచ్చయింది, మచ్చ పిల్లయింది. ఇక రేపో మాపో పెంకు పొడుచుకుని బయటికొస్తాయనగా సముద్రంలో వాయుగుండం పట్టింది.

తెల్లవారి లేచేసరికి ఇంక్యుబేటర్ చల్లగా ఉంది. ఇన్వర్టర్ మీద ఎర్ర దీపం. బ్యాటరీ నీరసపడితే ఆగడం తప్పు కాదు, ఆగాలి కూడా. లేకపోతే బ్యాటరీయే చస్తుంది. పొద్దెక్కాక మబ్బు పలచబడింది, పలకల మీద వెలుతురు పడింది, బ్యాటరీలోకి బలం చేరడం మొదలైంది. ఇంక్యుబేటర్‌ని నడపడానికి ఆ బలం చాలు. అయినా ఇన్వర్టర్ లేవలేదు. పాత బ్యాటరీలకు తగ్గట్టు కర్మాగారంలో దానికొక గీత గీసి పంపారు. అక్కడిదాకా ఎక్కితే తప్ప అది కన్ను తెరవదు. ఆపి మళ్ళీ వేసినా అదే మొండితనం. ఆ గీతను కాస్త కిందికి దించే బొత్తాం ఉంటే ఒక్క నొక్కుతో పోయే పని. కుండలో అన్నం ఉన్నా, కుండ నిండితేగాని తిననని భీష్మించుకున్న అల్లుడిలా కూర్చుంది ఇన్వర్టర్.

డా ఓన్ చీ వేడినీళ్ళ సీసాలు పెట్టింది. దుప్పట్లు కప్పింది. ఊక రాజేసి కుంపటి పక్కన పెట్టింది. మధ్యాహ్నానికి మళ్ళీ ముసురు పట్టింది. మర్నాడూ అంతే, ఆ పై రోజూ అంతే. ఎండ మళ్ళీ వచ్చి ఇన్వర్టర్ హాయిగా నిద్ర లేచేసరికి, దీపానికి పట్టిన ప్రతి గుడ్డులోనూ నరాలు నల్లబడి ఉన్నాయి. ఒకటి పగలగొట్టి చూసింది. పసుపు నూగుతో, ముక్కు రెక్క కింద దోపుకుని, నిండుగా తయారైన పిల్ల. ఆవిడకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. పక్కన ఎవరూ లేకపోయినా మొహం కప్పుకుంది.

"ఏంటక్కా, పిల్లలు అరుస్తున్నాయా? నాకేం వినపడట్లేదే!" అంటూ మా న్యేన్ లోపలికి వచ్చేసింది. వచ్చి, చూసింది.

"ఇన్వర్టర్ లేవలేదు న్యేన్," అంది డా ఓన్ చీ. "కొట్టులో ఆయన మంచిది ఇచ్చుంటే..."

అబద్ధమని అనడానికి లేదు. వాక్యం పూర్తి చేయలేదు, అంతే. దాన్ని పూర్తి చేసే పని మా న్యేన్ తీసుకుంది.

"ఎవడు? ఆ సో పైంగ్ గాడా? కిళ్ళీ నములుతూ అక్కా అక్కా అని నీకు చెత్త అంటగట్టాడా? లే, పడవెక్కు. వాడి కొట్టు ముందు నిలబడి వాడి పరువు ఏట్లో కలపకపోతే నేను న్యేన్‌నే కాదు!"

"వద్దులే, పోనీ..."

"నీకేం తెలుసు? నీది మెత్తటి మనసు. అందుకే నిన్ను అందరూ ముంచుతారు."

ఆ మాట డా ఓన్ చీకి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. పడవలో మా న్యేన్ అందరికీ కథ వినిపించింది, ముసలమ్మలు పెదవులు చప్పరించారు, "ఆ కొట్టుకి మా అల్లుణ్ణి పోనివ్వను" అని ఒకామె ఒట్టు పెట్టుకుంది. అప్పుడైనా చెప్పాల్సింది. ఏటి నీళ్ళు చూస్తూ కూర్చుంది.

కొట్టులో ముగ్గురు నలుగురు రైతులు బేరం చేస్తున్నారు. మా న్యేన్ చచ్చిన గుడ్ల బుట్టను బల్ల మీద ధడాలున పెట్టింది.

"ఇదిగో చూడు నీ సరుకు ఘనత! ముక్కుంది, రెక్క ఉంది, ప్రాణం ఒక్కటే లేదు. నోరులేని మనిషి దొరికింది కదా అని పనికిరానిది కట్టబెడతావా? నీ నోట్లో తేనె, చేతిలో విషం!"

బ్యాటరీ చేతిలో పట్టుకుని చూస్తున్న రైతు దాన్ని మెల్లగా కింద పెట్టి బయటికి నడిచాడు. ఇంకొకడు వెనకే వెళ్ళాడు. ఊ సో పైంగ్ బుట్ట వంక చూశాడు. తర్వాత డా ఓన్ చీ వంక చూశాడు. ఆవిడ తన చెప్పుల వంక చూసుకుంది.

"తప్పు నాదేనమ్మా," అన్నాడాయన మా న్యేన్‌తో. "బ్యాటరీ ఏదో అడిగి ఇవ్వాల్సింది. వేరేది ఇస్తాను." గోడకున్న ఇన్వర్టర్ దించడానికి స్టూలు లాక్కుని, ఒక కాలు పైకి పెట్టాడు.

తన తప్పు మోయడానికి ఆ మనిషి ఆయాసపడుతూ స్టూలెక్కుతుంటే డా ఓన్ చీ చూడలేకపోయింది.

"దిగండి!" అంది. అంత గట్టిగా ఆవిడ ఎన్నడూ అరవలేదు. "ఆయన తప్పు కాదు న్యేన్. ఇది పనికిరాదని కొన్న రోజే నాకు తెలుసు. మా తమ్ముడు చెప్పాడు. ఆ గోడకున్నదే అడగమన్నాడు. ఈయన కష్టపడి అట్టపెట్టె విప్పేశాక వద్దనడానికి నాకు నోరు రాలేదు. బాగుందన్నాను. తమ్ముడికీ అబద్ధం చెప్పాను. ఇందాక నీకు సగం చెప్పి ఊరుకున్నాను."

ఊ సో పైంగ్ స్టూలు మీంచి కాలు దించాడు.

"నాకూ తెలుసక్కా," అన్నాడు తల వంచుకుని. "బాగుందన్నప్పుడు మీ మొహం చూశాను. నచ్చలేదని అర్థమైంది. తరిచి అడిగితే మీరు ఇబ్బంది పడతారేమోనని..."

మా న్యేన్ ఆయన్ని చూసింది, ఆవిణ్ణి చూసింది. ఈసారి అరవలేదు.

"అంటే, మీరిద్దరూ ఒకళ్ళ మనసు ఒకళ్ళు కష్టపెట్టకూడదని నా పిల్లల్ని చంపేశారు," అంది. బుట్ట తీసుకుని రేవుకి వెళ్ళిపోయింది.

అప్పుడు కొంది అసలు ఇన్వర్టర్. డా ఓన్ చీ అన్నీ అడిగింది, అర్థం కానిది మళ్ళీ అడిగింది. బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాకముందే ఆగేలా ఒక అంకె. పొద్దున్న కాస్త వెలుతురు రాగానే లేచేలా ఇంకో అంకె. రెండూ మరీ దగ్గరైతే లేస్తూ పడుతూ ఉంటుందని మధ్యలో తగినంత ఎడం. మొదట విప్పినదానికి ఒక బొత్తాం బిగుసుకుని ఉంటే వద్దని చెప్పి రెండోది విప్పించింది. వద్దు అనడం ఇంత తేలికా అని ఆశ్చర్యపోయింది. ఆ తేలిక తెలిసినకొద్దీ సిగ్గు పెరిగింది. తిరుగు పడవలో మా న్యేన్ అవతలి చివర కూర్చుంది.

కోతలయ్యాయి. ఈ విడత పోయినా మిగతావాళ్ళకు పాత మందలున్నాయి; ఊళ్ళో చేలన్నీ బాతుల అరుపులు, మా న్యేన్ చేను తప్ప. కొత్త ఇన్వర్టర్ చెప్పినట్టు ఆగుతోంది, చెప్పినట్టు లేస్తోంది. తర్వాతి విడతకు ఆడవాళ్ళు ఒక్కొక్కరే గుడ్లు తెచ్చారు. ఆఖరున మా న్యేన్ చిన్న బుట్టతో వచ్చి గుమ్మం బయటే ఆగింది.

"వీలుంటే ఇవి కూడా పెట్టండి," అంది నవ్వుతూ. "ఇబ్బందైతే పర్లేదండీ, మీ ఇష్టం."

పెళ్ళై ఆ ఊరొచ్చిన నాటినుంచీ మా న్యేన్ ఆవిణ్ణి ‘నువ్వు’ అనే పిలిచింది. కోపమొస్తే అంతకన్నా కిందికే దిగింది. ఆనా పరాయివాళ్ళ దగ్గర పడేది, సొంతవాళ్ళ దగ్గర ఎవరూ పడరు.

"న్యేన్, నన్ను తిట్టు," అంది డా ఓన్ చీ. "నమ్మి ఇస్తున్నావా, పక్కింటిదాన్ని కాదనలేక ఇస్తున్నావా? కాదనలేకైతే తీసుకుపో. నేనేమీ అనుకోను."

"అయ్యో, అదేం మాట! మీ మీద నమ్మకం లేకపోవడమేంటండీ?" అంది మా న్యేన్, నవ్వు చెదరకుండా.

ఆ ‘అండీ’తో డా ఓన్ చీకి జవాబు దొరికింది. తల వంచుకుని బుట్ట అందుకుంది.