పేర్లు లేని పట్టిక

ప్రొఫెసర్‌గా పదోన్నతి కావాలంటే, తన పరిశోధనా వ్యాసాలను ఏయే రంగాలవాళ్లు ఎన్నిసార్లు ఉదహరించారో ధరణి జాబితా ఇవ్వాలి. అది 2009 జూన్. టెక్కలిలో పుట్టి పెరిగిన ధరణి భూగర్భజలాల మీద ఇరవై మూడు వ్యాసాలు రాసింది. ఇరవై రెండింటిని పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. ఉద్దానం బావినీళ్ల గురించీ, అక్కడి కిడ్నీ జబ్బు గురించీ రాసిన ఒక్క వ్యాసమే ఆమెను నిలబెట్టింది. కిడ్నీ డాక్టర్లు, నేల శాస్త్రవేత్తలు, చివరికి గణాంకాలవాళ్లు కూడా దాన్ని ఉదహరించారు. మొత్తం నూట ముప్పై ఆరుసార్లు.

ఒక్కో వ్యాసమూ తెరిచి రంగాలవారీగా రాసుకుంటూ వచ్చింది. లోలోపల సంతోషంగానే ఉంది. వైద్య నీతి మీద ఎవరో రాసిన వ్యాసం దగ్గర చెయ్యి ఆగింది. అందులో తన పని గురించి ఒకటే వాక్యం: ‘రక్తం ఇచ్చినవారికి ఫలితాలు తెలియజేశారో లేదో రచయిత చెప్పలేదు.’

తెలియజేయలేదు. 2002 వానాకాలంలో సోంపేట అవతల ఒక మత్స్యకారుల ఊళ్లో నూట పన్నెండు మంది దగ్గర రక్తం తీయించి, పది రోజుల్లో ఎవరి ఫలితం వాళ్లకు చీటీ మీద రాసి పంపుతానని మాటిచ్చింది. చీటీలు రాయించింది కూడా. ఇంతలో వ్యాసం పంపే గడువు ముంచుకొచ్చింది. అది అచ్చయ్యాక ఇంకో పని. చీటీలు బీరువాలోనే ఉండిపోయాయి.

ఆ కట్ట విప్పింది. పాపారావు, ముప్పై ఎనిమిదేళ్లు, రక్తంలో క్రియాటినిన్ మూడు పాయింట్ తొమ్మిది; కిడ్నీలు బాగుంటే అది ఒకటికి అటూ ఇటూగా ఉండాలి. ఏ బాధా లేకుండా వేటకు వెళ్లే మనిషిలో ఇంత ముదిరిన జబ్బు. ఆమె వ్యాసంలోని పట్టికలో అందరూ ఎత్తి చూపే వరుస అదే. అక్కడ ఆయనకు పేరు లేదు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరి, పలాసలో బస్సు మారి, సోంపేటలో ఆటో ఎక్కి ఆ ఊరు చేరింది. పాపారావు భార్య సూరమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది.

“రగతం తీసుకెల్లిన మేడమ్ కదా తమరు,” అంది. “ఆయన పోయి మూడేళ్లయిపోనాది. కాళ్లు ఉబ్బిపోతే ఆస్పత్రికి తీసుకెల్లినాం. ముందే తెలిత్తే మందులతో కొన్నాళ్లు నెట్టీవోళ్లమన్నాడు డాక్టరు.”

ధరణి నిలబడే చెప్పింది. “నాకు ముందే తెలుసమ్మా. ఆయన చీటీ నా దగ్గరే ఉంది. పంపలేదు.”

“మర్సిపోనారా?”

అవునంటే సరిపోయేది. “మర్చిపోలేదు. తర్వాత పంపుదాం అనుకుంటూ ఉండిపోయాను.”

సూరమ్మ మిగిలిన ఎండుచేపలన్నీ తిరగేసింది. ఆ తర్వాత, “నడుం నొప్పని రోజూ మాత్తర్లు మింగీవోడు. నానే కొని తెచ్చీదాన్ని. ఆటికీ, దీనికీ ఏటన్నా సమ్మందముందా?” అని అడిగింది.

ఆ మాత్రలే కిడ్నీల్లో మిగిలిన కాస్త శక్తినీ తినేసి ఉంటాయని ధరణికి తెలుసు. “లేదమ్మా,” అంది.

సంచిలోంచి కట్ట తీసి, మిగతావాళ్ల చీటీలూ తెచ్చానని చెప్పింది. సూరమ్మ లేచి, అందరినీ పిలుచుకొచ్చింది. ధరణి అరుగు మీద కూర్చుని చీటీలు చదవసాగింది. కొన్ని పేర్లకు ఎవరూ పలకలేదు. పాపారావు చెల్లెలు నాగమణి చీటీ దగ్గర ఆగింది. ఏడేళ్ల కిందటే అంకె ఎక్కువుంది.

“నొప్పులకేమైనా వాడుతున్నావా?”

“మాత్తర్లేసుకుంతానండి. మా అన్న ఏసుకునీవే.”

ధరణి తలెత్తలేదు. పక్కనే సూరమ్మ ఉంది. దాచితే ఈ మనిషి కూడా పోతుంది.

“ఇక వెయ్యకు, నాగమణీ. అవి కిడ్నీలను పాడుచేస్తాయి.”

“మరిందాక లేదన్నారేటి?” అంది సూరమ్మ, మెల్లగానే.

“నువ్వు తెలియక తెచ్చావు. చీటీ అంది ఉంటే తెచ్చేదానివి కాదు. తప్పు నాదమ్మా.”

సూరమ్మ కళ్లు తుడుచుకోలేదు. “తప్పెవరిదో తర్వాత సూద్దాం. సదవండి, ఇంకా సానామందున్నారు,” అంది. చదవడం అయ్యాక, “రేపు నాగమణిని తమరే ఆస్పత్రికి తీసుకెల్లండి. సీటీ ఇచ్చేసి ఎల్లిపోకండి,” అంది.

ధరణి ఆ రోజు సోంపేటలో ఉండిపోయింది. పొద్దున్న పలాస బస్సు దగ్గరికి నాగమణితో పాటు సూరమ్మా వచ్చింది. ముందు సీట్లో నాగమణి పక్కన కూర్చుంది. ధరణి వెనక కూర్చుంది. పలాస దాకా సూరమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.