సారమ్మ ఎక్కలేని బండి

ఉపేంద్రకి చైతన్యపురిలో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్ ఉంది. మూడేళ్ళ కిందట ముచ్చటపడి, కొండలూ వాగులూ దాటే పెద్ద ఫోర్ బై ఫోర్ బండి కొన్నాడు. స్నేహితులతో రెండుసార్లు వికారాబాద్ అడవికి వెళ్ళొచ్చాడు. ఆ తర్వాత అది మెట్రో పిల్లర్ల పక్కన, ఇంటికీ సెంటరుకీ మధ్యే తిరిగింది. భార్య బిందుమాధవి ఎలక్ట్రిక్ కారు కొన్నాక సెల్లార్‌లో రెండు బళ్ళకి చోటు చాలలేదు. అప్పుడు పుట్టింది దానం ఆలోచన.

ఎల్బీ నగర్‌లో రింగ్ రోడ్డు వెనక వీధిలో చర్చివాళ్ళ ఆశ్రమం ఒకటుంది. నల్గొండ వైపు పల్లెల నుంచి డయాలసిస్ కోసం వచ్చే పేదవాళ్ళు అక్కడ ఉచితంగా ఉంటూ, వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వెళ్ళొస్తారు. వాళ్ళని చూసుకునే నర్సు జ్యోతి. ఉపేంద్ర ఫోన్ చేసి, "మీకో బండి ఇస్తానండీ" అంటే ఆమె నమ్మలేక మళ్ళీ చెప్పించుకుంది.

"దేవుడు మిమ్మల్ని సల్లగ జూడాలె సార్" అంది చివరికి.

ఇచ్చిన రోజు హడావిడి బాగానే జరిగింది. రెండు తలుపుల మీదా ఉపేంద్ర పేరు అతికించారు. సెంటర్ నుంచి విద్యార్థులు వచ్చారు, ఫోటోగ్రాఫర్ వచ్చాడు. "పేషెంట్లు ఎవరైనా ఎక్కుతుంటే ఫోటో బాగుంటుంది" అన్నది ఉపేంద్రే.

దగ్గర్లో ఉన్న సారమ్మను పిలిచారు. అరవై దాటిన మనిషి. ఎడమ చేతికి డయాలసిస్ సూది పొడిచిన చోట కట్టు ఉంది. బండి మెట్టు ఆమె మోకాలి ఎత్తున ఉంది. ఒకసారి కాలెత్తింది, అందలేదు. రెండోసారీ అందలేదు. ఇద్దరు విద్యార్థులు చంకల కింద చేతులేసి పైకి లేపారు. చీర మోకాళ్ళ పైకి జరిగిపోయింది. కట్టున్న చేత్తో దాన్ని కిందికి లాక్కోవడం ఆమె వల్ల కాలేదు. "నవ్వమ్మా" అని ఎవరో అన్నారు. కెమెరా ఆగలేదు.

సీట్లో కూలబడ్డాక ఆమె ఉపేంద్రను చూసి, "పెద్ద బండి సారూ. నాకే శాతనైతలేదు, ఏమనుకోకు" అంది.

"అలవాటైపోతుందిలే అమ్మా" అని నవ్వాడు అతను.

తర్వాత రెండుసార్లు ఫోన్ చేసి మరీ వెళ్ళాడు. రెండుసార్లూ బండి గేటు ముందు నిలబడి ఉంది. లోపల పేషెంట్లు కూర్చుని చేతులూపారు. ఆ రెండు రోజులూ అతను ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాడు.

రెండు నెలలు గడిచాక ఒక బుధవారం, ఎల్బీ నగర్‌లో ఏదో పని పడి, చెప్పకుండా వెళ్ళాడు. గేటు దగ్గర ఆటో ఉంది. అందులో సారమ్మ, ఇంకో ఇద్దరు ఇరుక్కుని కూర్చున్నారు. పెద్ద బండి రేకుల షెడ్డులో కవరు కప్పుకుని ఉంది. ఉపేంద్ర దాన్నే చూస్తూ నిలబడటం ఆటో నడిపే దేవానందం గమనించాడు. అతనికి ఉపేంద్ర ఎవరో తెలియదు.

"బండి జూడనీకొచ్చిన్రా సారూ? అది నడువది. ఇచ్చినాయన ఒచ్చిన నాడే బయటికి తీస్తరు."

"ఎందుకని?"

"గంత ఎత్తు వీళ్ళెట్ల ఎక్కుతరు? ఆయనొస్తుండంటే అర్ధగంట ముందు స్టూలేసి, ఇద్దరం పట్టి ఎక్కిస్తం. పాపం, మంచి మనసుతోని ఇచ్చిండు గదా, నొచ్చుకుంటడని."

అప్పుడే బయటికొచ్చిన జ్యోతి ఉపేంద్రను చూసి ఆగిపోయింది.

"ఫోన్ జేసుంటే సార్..." అని, మాట మింగేసింది. అతను మరీ మరీ అడిగితే చెప్పింది. "పోయినసారి ఎక్కించేటప్పుడు సారమ్మకు సూది పొడిచిన కాడ రక్తమొచ్చింది. మీకు చెప్పొద్దని ఆమెనే అన్నది."

సారమ్మ ఆటోలోంచి ఇటే చూస్తోంది. ఉపేంద్ర ఆమె వైపు తలెత్తలేక, వెళ్ళొస్తానని కూడా అనకుండా వచ్చేశాడు.

ఇంటికెళ్ళి బిందుమాధవికి అంతా చెప్పాడు. ఆవిడ విని, "ఇచ్చేముందు ఎవరెక్కుతారో అడిగారా?" అంది. అతను ఫోన్ తీశాడు. సెంటర్ పేజీ తెరిచి చూస్తే సారమ్మ ఫోటో అలాగే ఉంది, జరిగిపోయిన చీరతో, కొత్త బ్యాచ్ ప్రకటనకి పైన. కింద వందల మంది పొగడ్తలు. ప్రతిదానికీ తనే దణ్ణం బొమ్మ పెట్టాడు. ఫోటో తీసేశాడు గానీ, రెండు నెలల్లో దాన్ని ఎందరు చూశారో ఎవరికి తెలుసు?

మర్నాడే వెళ్ళి జ్యోతితో, ఈ బండి అమ్మి, కిందికి ఉండే వ్యాను కొనిస్తానన్నాడు. ఏది కొనాలో మీరూ దేవానందం వచ్చి చూసి చెప్పండన్నాడు.

బండి తీసుకెళ్ళే రోజు వీధిలోవాళ్ళు చూశారు. "ఇచ్చింది మల్ల గుంజుకపోతుండు" అని ఎవరో అన్నారు. అతనికి వినపడింది. సంజాయిషీ చెప్పుకోవాలనిపించలేదు.

సారమ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా దగ్గరికొచ్చింది. "నా మూలంగనే గదా సారూ?"

"కాదమ్మా" అన్నాడు. "మా ఇంట్లో దానికి చోటు లేక ఇచ్చాను. ఆ ఫోటో కోసం మిమ్మల్ని ఎక్కించాను. తప్పు నాది" అన్నాడు.

ఆమె గోడకి ఆనుకుంది. "ఆ ఫోటో మా కోడలు ఫోన్ల జూసింది" అంది. "మా ఊర్ల అందరు జూసిన్రట." కోపంగా అనలేదు. అందుకే అతను తట్టుకోలేకపోయాడు.

వ్యాను వచ్చాక ఉపేంద్ర ఫోటోగ్రాఫర్ని పిలవలేదు. గేటు పక్కన నిలబడి చూశాడు. సారమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనే ఎక్కి, చీర సర్దుకుని కూర్చుంది. పక్క సీటు చూపించి, "ఎండల నిలవడ్డవేంది, రా సారూ" అంది.

అతను ఎక్కి కూర్చున్నాడు. వ్యాను రింగ్ రోడ్డు మీదికొచ్చింది. అప్పుడు అడిగాడు.

"మీది ఏ ఊరమ్మా?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అతను తలవంచుకుని, ఆస్పత్రి వచ్చేదాకా వింటూ కూర్చున్నాడు.